ఊరుమ్మడి యిల్లు

(జనగామ ప్రాంతపు రైతువేదిక యొకదానియందు గ్రామస్థుల సభలో చదివిన యుపన్యాసము)

ఈ సాయంకాలము మనమందరము కూర్చున్న యీ భవనము ఎవరిదని యడిగినచో మీలో ననేకులు "సర్కారుది" అని చెప్పుదురు. ద్వారముపై నున్న పలకయు, గోడలమీది రాతలును అట్లే చెప్పుచున్నవి. తాళపుచెవి యెవరి చేతనున్నదో చూచినను ఆ సమాధానమే సరియని తోచును. మేము మీతో మనవి చేయవచ్చినది ఒక్కటే మాట: ఇది ఊరిది. కాని ఊరు దీనిని తనదిగా చేసికొననంతవరకు ఇది ఊరిది కాజాలదు. ఇల్లు కట్టుటకు సర్కారు చాలును; ఆ యింటిని బ్రదికించుటకు సర్కారు చాలదు. ఈ సంగతిని మన ప్రాంతపు నూటయిరువదియేండ్ల చరిత్రయే మనకు బోధించుచున్నది.

పూర్వము మన పల్లెలలో జనులు కూడుకొను తావులు లేకపోలేదు. గుడి కలదు, చావడి కలదు, రచ్చబండ కలదు, దొరగారి గడి కలదు. కాని గుడిలోనికి కొందరు పోరాదు. చావడిలో పటేలు పట్వారీలు కూర్చుండగా రైతు నిలువబడవలెను. రచ్చబండమీద పెద్దలు పలుకుచుండగా ఆడువారు దూరమునుండి వినవలెను. ఇక గడికి పోవుటయన్న పిలువబడి పోవుటయే. చెప్పులు వాకిట విడిచి, వెట్టికో, నాగుబాకీకో, జరిమానాకో తలయొగ్గుటయే. ఊరిలో నిన్ని తావులుండియు, అంటరానివారని వెలివేయబడిన వారు మొదలుకొని అందరును, ఆడ మగ భేదము లేక, ఒకే చాపమీద కూర్చుండి తమ కష్టసుఖములు తాము చెప్పుకొనుటకు ఒక్క తావును లేకుండెను. ఉమ్మడి యిల్లు లేని ఊరికి ఉమ్మడి మాట యెక్కడనుండి వచ్చును?

ఆ కొరతను మొదట తీర్పజూచినది గ్రంథాలయము. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు దానికి మూలస్తంభములు. మూడేండ్లకు, అనగా 1904లో, హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొల్పబడెను. నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు వెలుగు ప్రసరించిన దీపము లివి. అక్షరము వచ్చినవారు నూటికి పదిమందియైనను లేని కాలమది. పాఠశాలలలో మన తెలుగునకు స్థానము లేదు. కచ్చేరీలలో అసలే లేదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధని మందిరమున కార్వే పండితుని యధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఒక వక్త తెలుగున మాటలాడబోగా సభలోనివారు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానములోనుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు ఆ సంఘముద్వారా తలపెట్టిన పనులలో మొట్టమొదటివానియందు పల్లెలలో గ్రంథాలయములను, పాఠశాలలను నెలకొల్పుట యొకటి.

ఆనాటి పల్లె గ్రంథాలయమన్న నేటివలె భవనమని తలపకుడు. ఎవరో యొక రైతు ఇంటి వసారాయే గ్రంథాలయము. ఒక కొయ్యపెట్టెయే బీరువా. ఒక కందిలియే విద్యుద్దీపము. టపాలో వచ్చిన పత్రికను చదువు వచ్చినవా డొకడు పైకి చదువగా చదువురానివారు చుట్టును కూర్చుండి వినుచుండిరి. చదివినవానికంటె విన్నవారే అడిగెడి ప్రశ్నలలో పస యెక్కువగా నుండుటయు కద్దు. పన్ను ఎంత, వెట్టి న్యాయమా, ఇతర ప్రాంతములవా రెట్లు బ్రదుకుచున్నారు, అను విచారమంతయు ఆ కందిలి వెలుగుననే ప్రారంభమయ్యెను.

సర్కారువారు దీనిని గ్రహింపకపోలేదు. ఖాన్గీ పాఠశాల పెట్టవలెనన్న అనుమతి కావలెను. బహిరంగసభ జరుపవలెనన్న ముందుగా సెలవు పొందవలెనని శాసించిన గస్తీ నిషాన్ 53 సంగతి పెద్దల నోట మీరు వినియుందురు. ఇన్ని సంకెళ్ళ నడుమ 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభయు, దానితోడనే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన మహిళాసభయు జరిగెను. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. ఆయనకు భవనము లేదు, బండి లేదు, భుజము కలదు. మన మహబూబాబాదు ప్రాంతపు చిన్నగూడూరున 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులవారు ఆ యుగపు గాలినే పీల్చి పెరిగినవారు; నిజామాబాదు జైలులో ఆళ్వారుస్వామిగారికి తోడైనవారు.

గ్రంథాలయము చదువ నేర్పగా, సంఘము నిలువ నేర్పెను. 1944లో భువనగిరి ఆంధ్రమహాసభ తరువాత సభ్యత్వపు రుసుము ఒక్క అణా అయ్యెను. అణా యిచ్చిన ప్రతివాడును సంఘపువాడే. అప్పుడు నల్లగొండ జిల్లాలో భాగముగానున్న జనగామ తాలూకాలో ఊరికొక సంఘము లేచెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మగారు తన నాలుగెకరముల పంటను దొర మనుష్యుల పాలు గానీయక నిలిచినది సంఘపు బలముతోనే. 1946 జూలై 4వ తేదీన కడివెండిలో దొడ్డి కొమరయ్యగారు గుండు తగిలి నేలకొరిగినది సంఘపువారి ఊరేగింపులోనే. అటుతరువాత జరిగిన మహాసంగ్రామమును వర్ణించుట మా ప్రస్తుతోద్దేశము కాదు. ఒక్క విషయమును మాత్రము గమనింపుడు. ఆనాటి సంఘమునకు చాలచోట్ల ఇల్లు లేదు. చింతచెట్టు క్రింద, పశువుల కొట్టములో, చేనిగట్టుమీద కూడిరి. ఇల్లు లేకున్నను కూటమి యుండెను. నే డిల్లున్నది, కూటమి యేది?

1948 సెప్టెంబరులో రాజ్యము మారెను. 1952 అక్టోబరు 2వ తేదీన దేశమంతటను సమాజవికాస పథకము ప్రారంభమయ్యెను. పల్లెవాడే పల్లెను బాగుపరచుకొనవలెనని, సర్కారు తోడ్పడవలెనని దాని యాశయము. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు, 1960లో ఆంధ్రప్రదేశమునకు గ్రంథాలయ శాసనములు వచ్చెను. ఇంటిపన్ను రూపాయిలో ఎనిమిది పైసలు గ్రంథాలయపన్నుగా చెల్లించుచున్నది మీరే. అది మీ సొమ్ము. ఈ మేలును మేము తక్కువచేసి చెప్పుట లేదు. కాని ఒక విచిత్రము జరిగెను. వసారాలోని గ్రంథాలయము ఊరివారి పని యగుటచే ఊరివారు దానిని కాపాడుకొనిరి. శాసనము వచ్చిన వెనుక అది ఉద్యోగి పని యయ్యెను. ఉద్యోగి వచ్చిన దినమున తలుపు తెరచును, రాని దినమున మూయును. ఊరు అడుగుట మానెను. అడిగెడివారు లేని యింటికి ఆదరణ యెట్లు కలుగును?

ఇప్పుడు మనము కూర్చున్న యింటి సంగతికి వత్తము. 2016 అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లాను విభజింపగా జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేర్వేరుగా నేర్పడెను. 2019లో భూపాలపల్లినుండి ములుగు విడివడెను. 2020 అక్టోబరు 31వ తేదీన ఈ జనగామ జిల్లాలోని కొడకండ్లలోనే నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు రాష్ట్రమున ప్రథమ రైతువేదికను ప్రారంభించిరి. రాష్ట్రమంతటను 2,601 వేదికలు సంకల్పింపబడినవి. ఇంచుమించు అయిదువేల ఎకరములకు ఒక వేదిక. వేదికకొక వ్యవసాయ విస్తరణాధికారి. ఒక్కొక్క భవనమునకు 22 లక్షల రూపాయలు. అందు 12 లక్షలు వ్యవసాయశాఖవి, 10 లక్షలు ఉపాధిహామీ పథకమువి. 2024 మార్చి 6వ తేదీన ముఖ్యమంత్రి రేవంతరెడ్డిగారు, నియోజకవర్గమున కొకటి చొప్పున, తొలుత 110 వేదికలలో దృశ్యశ్రవణ సాధనములను ప్రారంభించిరి. ప్రతి మంగళవారము శాస్త్రవేత్తలు దూరమునుండియే రైతులతో సంభాషించుట దాని యుద్దేశము.

ఉద్దేశము మంచిదే. రెండు సర్కారులును, రెండు పక్షములును, ఈ యింటిని వదలలేదు. కాని మేము తిరిగిన పల్లెలలో కొన్ని వేదికల తలుపులకు పగలే తాళము వ్రేలాడుచుండుట చూచితిమి. ఒకచోట మెట్లమీద ధాన్యము నెండబోసియుండిరి. మరియొకచోట అధికారి యొక్కడే కూర్చుండి కాగితములు పూరించుచుండెను. బయట కల్లుదుకాణముకడ యాబదిమంది రైతులు పత్తిధరను చర్చించుచుండిరి. అధికారిని నిందింపలేము. అయిదువేల ఎకరముల పంటలను లెక్కవ్రాయవలసినవాడు, పథకముల దరఖాస్తులు చూడవలసినవాడు, నిత్యము తలుపు తెరచి కూర్చుండుట సాధ్యము కాదు. అధికారి లేకున్న తలుపు తెరువరాదను నియమమే తప్పు. చర్చ జరుగుచున్నది, ఇల్లును ఉన్నది. ఈ రెంటికిని నడుమ నున్నది తాళ మొక్కటే.

ఇల్లు తెరచియున్న కలుగు లాభమేమని మీ రడుగవచ్చును. మన మూడు జిల్లాలనుండియే చెప్పెదము. 2021 వానకాలమున మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల మిరపతోటలమీద నల్లతామరపురుగు దండెత్తెను. పూతలో దూరి పూతనే మాడ్చిన ఆ పురుగు మనవారికి క్రొత్తది. దుకాణదారుడు చెప్పిన మందునెల్ల చల్లిరి. ఒకటి పని చేయకున్న రెండు కలిపిరి. అప్పు పెరిగెను, పురుగు తగ్గలేదు. విచ్చలవిడిగా మందులు చల్లినచో పురుగును తినెడి మిత్రకీటకములు చచ్చి కీడే యధికమగునని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టవలెనని శాస్త్రజ్ఞులు చెప్పిరి. కాని ఆ మాట ఎందరి చెవిని సకాలమున పడెను? ఎకరమునకు లక్షకు పైబడి పెట్టుబడి పెట్టిన రైతునకు ఒక్క సాయంకాలపు సమాచారము విలువ యెంత! ఆ సమాచారము చేరకపోవుటచే అప్పులపాలైన యిండ్లను తలచుకొన్న మనసు చెదరుచున్నది.

జనగామ మెట్టభూమి. ఇక్కడ వాన చాలనియేడు బోరుమీద బోరు వేసి చెడినవారు కలరు. పత్తివిత్తనపు మోసము ఈ ప్రాంతపు నిత్యవ్యాధి. విత్తనపు సంచిని, దానిపైనున్న సంఖ్యను, బిల్లును పంట యింటికి వచ్చువరకు దాచుకొనవలెనని ఎందరికి తెలియును? దాచుకొన్నను ఒక్కడు పోయి ఫిర్యాదుచేసిన వినువారెవరు? ఒకే దుకాణమున ఒకే విత్తనము కొని నష్టపోయిన నలువదిమంది ఈ యింట కూడి, నలువది బిల్లులను ఒక్కచోట పెట్టి, ఒక్క యర్జీ వ్రాసినచో దాని బరువు వేరు. మట్టిపరీక్ష సంగతియు నంతే. చేనిలో పది తావుల ఆంగ్ల 'వీ' అక్షరమువలె అడుగు లోతులో సగము త్రవ్వి, ఆ మట్టిని కలిపి అరకిలో తీసియిచ్చుట ఒక్కపూట పని. ఒక్కడు చేయడు, పదిమంది కలిసిన చేయుదురు.

భూపాలపల్లి వైపున బొగ్గుగనులు, విద్యుత్కేంద్రము, అడవి, గోదావరి కలవు. అక్కడ భూమి యెప్పుడు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోవునో, పరిహారమెంతయో, పోడుసాగునకు 2006 అటవీహక్కుల చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనవలసిన యక్కర మిక్కిలి కలదు. మహబూబాబాదు జిల్లాలో లంబాడీ తండాలు, కొత్తగూడ, గంగారము మొదలగు నేజెన్సీ మండలములలో కోయగూడెములు కలవు. 1996 పెసా చట్టము గ్రామసభకు గొప్ప యధికారము నిచ్చినది. 2018 పంచాయతీ శాసనము ననుసరించి అనేక తండాలు స్వయముగా పంచాయతీలైనవి. అధికారము కాగితముమీద వచ్చినది. కూర్చుండి దానిని చదివి, ఒకరి కొకరు చెప్పుకొను తావు లేకున్న ఆ కాగితము పెట్టెలోని పట్టువస్త్రమే, చలికి పనికిరాదు.

కొందరు మాతో ననిరి: "ప్రతివాని జేబులోను సెల్‌ఫోను కలదు; ధర తెలియును, వాన తెలియును; ఇక ఇల్లెందుకు?" ఆలోచింపవలసిన ప్రశ్నయే. ఫోను వార్త నిచ్చును. సత్యాసత్యములను విడదీసి యిచ్చునా? ఫోనులో చూచినది ఒంటరిగా చూతుము. నమ్మి చెడినను ఒంటరిగనే చెడుదుము. పదిమందిలో పెట్టిన మాట వడపోయబడును. నిరుడు ఆ మందు వాడి నష్టపోయినవాడు ప్రక్కనే కూర్చుండి "వద్దురా తమ్మీ" అని చెప్పును. ఆ మాట ఏ యంత్రమునుండి వచ్చును? ఆనాటి కందిలి చుట్టును కూర్చున్నవారు వార్తకొరకు మాత్రమే కూర్చుండలేదు, తోడుకొరకు కూర్చుండిరి.

మరికొందరు "ఇచ్చటికి రాజకీయములు వచ్చును, కక్షలు పెరుగును" అని భయపడిరి. రాజకీయములు రాని తావు లోకమున లేదు. తాళము వేసిన యింటిలోను అవి గలవు, ఆ తాళపుచెవి యెవరిదను కలహమే రాజకీయము. మందు ఇల్లు మూయుట కాదు, అందరికిని తెరచుట. ఏ పక్షపు జెండాయు లోపల కట్టరాదు. ఏ పక్షపువానిని వెలుపల నిలుపరాదు. ఇంతే నియమము.

ఇక మా సూచనలు. మొదటిది: తాళపుచెవి యొకటి గ్రామసభ ఎన్నుకొన్న చిన్నసంఘముకడ నుండవలెను, అందు సగముమంది స్త్రీలు, ఒక కౌలురైతు, ఒక కూలి, తండానుండి యొకరు తప్పక యుండవలెను. కలుపు తీసెడిది, పత్తి యేరెడిది, మిరప కోసెడిది ఎవరు? మన యాడుపడుచులు. కాని రైతుసభ యనిన భూమిపట్టా గల మగవారి సభయే యగుచున్నది. కౌలుదారునకు గుర్తింపుకార్డు నిచ్చు చట్టము 2011లోనే వచ్చెను. దాని ఫలము వాని చేతి కందినది స్వల్పము. ఈ యింటనైనను వానికి కుర్చీ దొరకవలెను.

రెండవది: ప్రతిదినము సాయంకాలము రెండు గడియలు ఇల్లు తెరచియుండవలెను. రెండు దినపత్రికలు, ఒక బీరువా పుస్తకములు చాలును. బడిపిల్లలు వంతులవారీగా పత్రికను పైకి చదువవలెను, ముసలివారు వినవలెను. పిల్లలకు చదువు, పెద్దలకు వార్త. మూడవది: మంగళవారపు సంభాషణలో ఊరి ప్రశ్న ఊరే అడుగవలెను, అందుకై సోమవారము రాత్రియే కూడి ప్రశ్నలు వ్రాసికొనవలెను. వచ్చిన సమాధానమును నల్లబల్లపై వ్రాసి వారమంతయు నుంచవలెను. నాల్గవది: ఒక ఫిర్యాదుల పుస్తకము. ఏ దినమున ఎవరికి ఏమి వ్రాసితిమో, ఏమి జవాబు వచ్చెనో అందు వ్రాయవలెను. అయిదవది: ఇంటి యాదాయవ్యయములు గోడమీద వ్రాయవలెను. పెండ్లికో, ఫంక్షనుకో బాడుగ వచ్చిన అది దీపమునకు, ఊడ్చునామె జీతమునకు చెందవలెను. గోడమీద లెక్క యున్నచోట నోటిలో నింద యుండదు.

ఇవి సాధ్యమగునా యని సందేహింపకుడు. దూరము పోనక్కరలేదు, వరంగల్లు జిల్లా గీసుగొండ మండలమున గంగదేవిపల్లి కలదు. నీటికొక సంఘము, పారిశుద్ధ్యమునకొక సంఘము, చదువునకొక సంఘము, ఇట్లు ఇంటింటివారును ఏదో యొక పనికి బాధ్యులై ఆ చిన్నయూరు దేశమునకే పేరెన్నికగన్నది. అక్కడివారు మనకంటె ధనికులు కారు. మనవలె పత్తి, వరి పండించువారే. వారికి మనకును గల భేదము, పని పంచుకొనుటలో నున్నది.

సోదరీసోదరులారా! ఈ యింటికి పెట్టిన 22 లక్షలలో పది లక్షలు ఉపాధిహామీ పథకమువని మొదటనే చెప్పితిమి. ఆ పథకము మీ చేతులను నమ్మి పుట్టినది. తక్కిన ధనము మీరు కట్టిన పన్ను. కావున ఈ యింటిలోనికి వచ్చుటకు మీకు ఎవరి సెలవును అక్కరలేదు. నూరేండ్లక్రిందట సభ జరుపుటకు గస్తీ అడ్డముండెను. పుస్తకము పంచుటకు పోలీసు అడ్డముండెను. నేడు అడ్డముండినది ఇనుపతాళము, దానికంటె మిన్నగా మన యుపేక్ష. తాళమును గ్రామసభ ఒక్క తీర్మానముతో తీయగలదు. ఉపేక్షను తీయవలసినవారు మీరే.

ఈ సభ ముగిసిన వెంటనే దీపము లార్పి యెవరి యింటికి వారు పోకుడు. ఇంకొక గడియ కూర్చుండుడు. రేపు సాయంకాలము తలుపు తెరచువారెవరో, పత్రిక తెచ్చువారెవరో, పైకి చదువు బాలిక యెవరో, ఈ రాత్రియే నిర్ణయించి, ఆ పేరులను ఈ గోడమీదనే వ్రాయుడు. ఆ వ్రాత కనబడిననాడు ఈ యిల్లు ఎవరిదని యెవ్వరును అడుగరు.